బుష్ అరిగితే గేర్‌బాక్స్ దించుతారా?

ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. 2022 ఏప్రిల్‌కు ముందు ఇదే పనికి 600 సరిపోయేది. పాత బండి ఉంచుకున్నందుకు ఇంత వసూలు చేస్తున్నప్పుడు, దాన్ని బాగుచేసుకునే దారి కూడా చూపించాలి కదా! ఆ దారి ఎలా మూసుకుపోయిందో తెలియాలంటే గేర్ లివర్ ఒక్కటి చూస్తే చాలు.

లివర్ న్యూట్రల్‌లో అటూ ఇటూ ఊగుతుంది, మూడో గేరు వేయబోతే ఒకటి పడుతుంది, రివర్స్ వెతుక్కోవాల్సి వస్తుంది. షెడ్డులో వినపడే మొదటి మాట ‘గేర్‌బాక్స్ దించాలి’. మారుతి 800 లాంటి బండ్లలో లివర్ ఒకచోట, గేర్‌బాక్స్ ముందు ఇంకోచోట ఉంటాయి. రెంటినీ కలిపేది బండి అడుగున పోయే రాడ్డు. దాని కీళ్ల దగ్గరి బుష్‌లు బురదకీ వేడికీ అరిగిపోతాయి. బండిని స్టాండ్ల మీద భద్రంగా నిలిపి, ఇంజిన్ ఆపి, ఒకరు లోపల లివర్ కదుపుతుంటే ఇంకొకరు అడుగున చూడాలి. లివర్ కదిలాక కాసేపటికిగానీ రాడ్డు కదలకపోతే దోషం బుష్‌ది. ఇంజిన్ ఆపినప్పుడు గేర్లు హాయిగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే ముందు క్లచ్ కేబుల్ చూడాలి. ఈ రెండూ సరిగ్గా ఉండి, వేసిన గేరు జారిపోతుంటే అప్పుడు గేర్‌బాక్స్ మాట ఎత్తవచ్చు. ఈ వరస పాటించకుండా బాక్స్ దించడం ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

మేస్త్రీ బుష్ అని తేల్చినా కథ అక్కడితో అయిపోదు. చిటికెడంత బుష్ కోసం కౌంటర్ దగ్గరికి వెళితే ‘విడిగా రాదు, అసెంబ్లీ మొత్తం తీసుకోండి’ అంటారు. ఇనుప లివరు బాగుంది, రాడ్డు బాగుంది, పోయింది ప్లాస్టిక్ ముక్క. బిల్లు మాత్రం మూడింటికీ. ఇది పచ్చి దోపిడీ! అంబాసిడర్‌కు స్టీరింగ్ పక్కన గేర్ ఉన్న కాలంలో కీలు అరిగితే లేత్ మీద ఇత్తడి బుష్ తిప్పించి వేసేవారు, బండి మళ్లీ రోడ్డెక్కేది. అప్పుడు చెల్లిన పని ఇప్పుడెందుకు చెల్లదు? విడిభాగాలు, పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేశారని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులోనే 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. పోర్టల్ తెరిస్తే బుష్ దొరుకుతుందా? అమెరికాలోని మసాచుసెట్స్ 2012లోనే కార్ల రిపేరు హక్కుకు చట్టం చేసింది. మనకు చట్టం లేదు, సలహాలున్నాయి.

నాసిరకం బుష్‌లతో ప్రమాదమంటారా? అయితే అసలైనవే విడిగా అమ్మండి, నకిలీకి గిరాకీ ఎక్కడుంటుంది? పాత కార్లు పొగ వదులుతాయంటారా? దానికి పొగ పరీక్ష ఉంది, బుష్‌కీ పొగకీ సంబంధం లేదు. చిన్న పనికి మేస్త్రీకి గిట్టదంటారా? చూసినందుకు కూలి తీసుకోనివ్వండి. దించనక్కర్లేని బాక్స్ దించి తీసుకోవద్దంటున్నాం, అంతే.

అందుకే మన డిమాండ్లు మూడు. లివర్, రాడ్డు, కేబుల్ బుష్‌లను ప్రతి కంపెనీ ధర ముద్రించి విడిగా అమ్మాలి. గేర్ సర్దుబాటు కొలతలున్న సర్వీస్ మాన్యువల్‌ను అందరికీ అందుబాటులో పెట్టాలి. బాక్స్ దించేముందు రాడ్డు బుష్‌లు, క్లచ్ చూసినట్టు షెడ్డువాళ్లు కాగితం మీద రాసివ్వాలి, మార్చిన పాత ముక్కను చేతికివ్వాలి. మొదటి రెండూ చట్టంతో రావాలి, ఎంపీలను నిలదీయండి. మూడోదానికి చట్టం అక్కర్లేదు. ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు రాసిచ్చేదాకా గేర్‌బాక్స్ మీద స్పానర్ పెట్టనివ్వకండి.