గర్భసంచికి జీవోలు

మా ఇంట్లో వంట చేసే ఆమెది పాలమూరు. పెళ్లైన కొత్తలో భర్తతో కలిసి మాదాపూర్‌లో బిల్డింగుల పనికొచ్చింది. ఇప్పుడు కొండాపూర్‌లో మూడిళ్లలో వంట చేస్తుంది. మొన్న టీవీలో ఎవరో నాయకుడు "జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండి" అంటుంటే గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది. "నాకు ఇర్వై రెండేండ్లకే ఆపరేషన్ చేసిండ్రక్కా. గిప్పుడు కనమంటే ఆ కుట్లు వాళ్లే ఇప్పుతరా?" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఉమ్మడి రాష్ట్రంలో కు.ని. ఆపరేషన్ల టార్గెట్లు, క్యాంపులు ముమ్మరంగా నడిచాయి. ఒకటి ప్రగతి బొమ్మగా పేపర్లకెక్కింది. రెండోది ఆరోగ్య కేంద్రాల వరండాల్లో చాపల మీద పడుకుంది. మనం ఈ రెండింటినీ కలిపి ఎప్పుడూ చదవలేదు. పైగా, ఒప్పుకోవాలి, మనలో చాలామందిమి ఆపరేషన్‌ని విముక్తి అనే అనుకున్నాం. వరుస కాన్పుల నుంచి విముక్తే, కాదనను. కానీ పాతికేళ్లు నిండకుండానే, ఇంకో పద్ధతేదీ చెప్పకుండా చేసినదాన్ని ఎంపిక అనగలమా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్ల లెక్క ఒక శాతానికి కూడా చేరదు. సగటు సంతానం అక్కడ 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలంటారు. అంటే ఈ "విజయం" మొత్తం ఆడవాళ్ల పొట్ట మీది కోతలతో వచ్చిందే.

అదే కాలంలో 1994 పంచాయతీరాజ్ చట్టం ముగ్గురు పిల్లలున్నవాళ్లని పోటీకి అనర్హుల్ని చేసింది. హర్యానాలోని ఇలాంటి నిబంధనని 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది. మా వంటామె తోటికోడలు వార్డు మెంబరుగా నిలబడాలనుకుంది. మొదటి ఇద్దరూ ఆడపిల్లలు. మూడో కాన్పు అత్తగారి పట్టుదల. అనర్హత మాత్రం కోడలిది.

ఆ నిబంధనని ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో రద్దు చేసింది. మరుసటేడు తెలంగాణా అదే దారి పట్టింది. మంచిదే. కానీ ముప్ఫై ఏళ్లు పోటీకి దూరమైన స్త్రీలకి ఎవరు ఏం చెప్పారు? ఏమీ లేదు. పైగా 2024 అక్టోబరులో చంద్రబాబు నాయుడు ఇద్దరికన్నా ఎక్కువ మంది పిల్లలున్నవాళ్లకే పోటీ అర్హత ఉండేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందన్నారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు మూడో బిడ్డ ఆడపిల్లైతే 50 వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానని ప్రకటించారు. (ఆవుని మేపేదెవరో చెప్పలేదు.)

ఇక కనమంటున్నది ఎవరిని? గచ్చిబౌలి నుంచి హైటెక్ సిటీ దాకా క్యాబుల్లో తిరిగే అమ్మాయిల్ని కూడా. నా స్నేహితురాలు ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే, మాటల మధ్యలో పెళ్లెప్పుడని, తర్వాత ప్లాన్లేమిటని అడిగారట. 2017 సవరణ ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది, అదీ మొదటి ఇద్దరికే. మూడో బిడ్డకి పన్నెండు వారాలు. ఆ సెలవు జీతం భారమంతా యజమానిదే కాబట్టి, పెళ్లి వయసులో ఉన్న అమ్మాయంటేనే వాళ్లకి జంకు. తండ్రికి ప్రైవేటు ఉద్యోగంలో సెలవిచ్చే చట్టమే లేదు. అర్ధరాత్రి కాల్స్, గంటన్నర ట్రాఫిక్, బిడ్డని చూడ్డానికి ఊరి నుంచి రప్పించుకున్న అమ్మో అత్తో. ఆ అమ్మకి కూడా బహుశా ఇరవై మూడేళ్లకే ఆపరేషన్ అయి ఉంటుంది.

నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాదికి సీట్లు తగ్గుతాయన్న భయం న్యాయమైనదే. దాన్ని పార్లమెంటులో కొట్లాడి తేల్చుకోవాలి, మా పొత్తికడుపులో కాదు. ముసలివాళ్లు పెరుగుతున్నారన్నదీ నిజమే. అయితే వాళ్లకి పింఛను, ఆస్పత్రి, ఆసరా అడగకుండా ఇంకో బిడ్డని అడగడమేమిటి? ఆ వృద్ధుల సేవ చేసేదీ ఆడవాళ్లే.

ఈ మాటలన్నీ రాసి మా వంటామెకి చదివి వినిపించాను. ఆవు సంగతి దగ్గర ఆపమంది. "ఆడపిల్లకు పైసలు, మొగపిల్లగానికి ఆవు... మరి తల్లికేం ఇస్తరట?" అని అడిగింది.