చట్టం కాదన్న వైన్

టస్కనీ రెడ్ వైన్ అనగానే ఒకప్పుడు గుర్తొచ్చేది గడ్డి అల్లిక చుట్టిన గుండ్రటి కియాంతీ సీసానే. 1960ల నాటికి ఆ వైన్ పేరు బాగా పలచబడింది. అందుకు చట్టమూ ఒక కారణం. 1967 నాటి నిబంధనల ప్రకారం కియాంతీలో 10 నుంచి 30 శాతం దాకా తెల్ల ద్రాక్ష కలిపి తీరాలి. దీనికి మూలం ఇటలీ ప్రధానిగా పనిచేసిన బెత్తీనో రికాసోలి 1872లో చెప్పిన సూత్రం. కానీ ఆయన తెల్ల ద్రాక్ష వేయమన్నది త్వరగా తాగేసే తేలిక వైన్‌లో మాత్రమే. చట్టం దాన్ని అన్నిటికీ అంటగట్టింది.

1385 నుంచి వైన్ వృత్తిలో ఉన్న ఫ్లోరెన్స్ కుటుంబం ఆంటినోరి. ఆ కుటుంబానికి చెందిన పియెరో ఆంటినోరి, ఆయన వైన్ నిపుణుడు జాకోమో టకిస్ ఈ నిబంధనను పక్కన పెట్టారు. 1971 పంట నుంచి తమ వైన్‌కు కియాంతీ పేరు వదులుకుని, తోట పేరు 'టిన్యానెల్లో' పెట్టారు. ఫలితంగా అది అధికారికంగా అట్టడుగు శ్రేణికి, అంటే మామూలు 'టేబుల్ వైన్' స్థాయికి దిగజారింది. 1975 నాటికి అందులో తెల్ల ద్రాక్ష పూర్తిగా మాయమైంది. 1982 నుంచి మిశ్రమం దాదాపు స్థిరపడింది: స్థానిక సాన్‌జియోవేసె 80 శాతం, ఫ్రెంచి రకాలైన కాబర్నే సోవిన్యోన్ 15, కాబర్నే ఫ్రాంక్ 5 శాతం.

అప్పటికే టస్కనీ సముద్రతీరంలోని బొల్గెరిలో కాబర్నే ద్రాక్షతో చేసిన సస్సికాయా కూడా అదే అట్టడుగు శ్రేణిలో ఉంది. 1978లో డికాంటర్ పత్రిక లండన్‌లో ఏర్పాటు చేసిన రుచి పోటీలో అదే అగ్రస్థానం కొట్టేసింది. ఈ తరహా వైన్లకు 'సూపర్ టస్కన్' అనే పేరు స్థిరపడింది. చివరికి దిగొచ్చింది చట్టమే. 1992లో ఇలాంటి వాటి కోసం కొత్త శ్రేణి సృష్టించారు. 2006 పంట నుంచి కియాంతీ క్లాసికోలో తెల్ల ద్రాక్ష నిషిద్ధం. ఒకప్పుడు తప్పనిసరి అయినదే తప్పయింది!

ఇంత బలమైన వైన్‌కు ఏ వంటకం జోడీ? సాన్‌జియోవేసె ఇచ్చేది పులుపు, చెర్రీ రుచి. కాబర్నే ఇచ్చేది ముదురు రంగు, టానిన్. టానిన్ అంటే నేరేడు పండు తిన్నాక నాలుకను పట్టేసే వగరు లాంటిదే. అది లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది. మాంసంలోని ప్రొటీన్, కొవ్వు తోడైతే ఆ వగరు మెత్తబడుతుంది. ఫ్లోరెన్స్ వాసులు మూడు వేళ్ల మందాన కోసిన బీఫ్ ముక్కను నిప్పుల మీద కాల్చి, ఉప్పు, మిరియాలు, ఆలివ్ నూనెతో తినేది అందుకే. అడవిపంది మాంసం సాస్‌తో వెడల్పాటి పాస్తా, బాగా మాగిన గొర్రెపాల చీజ్ కూడా దీనికి దీటైనవే. చేపతో మాత్రం వద్దు, నోట్లో లోహపు రుచి మిగులుతుంది.

మన భోజనంతో చిక్కు కారంతోనే. టానిన్, ఆల్కహాల్ రెండూ మిరప మంటను ఎగదోస్తాయి. గుంటూరు మిరప దట్టించిన వేపుడు పక్కన ఖరీదైన సీసా తెరిస్తే రెండూ పాడే. హైదరాబాదీ పత్థర్ కా గోష్త్‌లో పచ్చిమిర్చి తగ్గించి, మిరియాలతో సరిపెడితే జోడీ కుదురుతుంది. శాకాహారులకు నిప్పుల మీద కాల్చిన పుట్టగొడుగులు, వంకాయ ఉన్నాయి.

మరో జాగ్రత్త. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలనే మాట చలిదేశాల గదులది. 16 నుంచి 18 డిగ్రీలు చాలు. వేసవిలో సీసాను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, తాగడానికి గంట ముందు మూత తీసి జాడీలోకి వంపితే వగరు కాస్త సర్దుకుంటుంది. ఆ తర్వాత కొద్దికొద్దిగా, భోజనంతో పాటే. టస్కనీలోనూ దాని చోటు కంచం పక్కనే.