అమ్మానాన్నలకు బీపీ ఉంటే మనకూ వస్తుందా? జన్యు పరీక్షతో తెలుస్తుందా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ప్రతి నలుగురు మహిళల్లో దాదాపు ఒకరికి బీపీ ఎక్కువ. పురుషుల్లో ఇంకా ఎక్కువ. ఇంట్లో ఇద్దరు ముగ్గురు మాత్రలు వాడుతుంటే 'ఇది మా రక్తంలోనే ఉందా?' అన్న అనుమానం సహజం. జన్యు పరీక్షకు డబ్బు పెట్టే ముందు ఇవి తెలుసుకోండి.

బీపీకి ఒక జన్యువు ఉందా?

లేదు. మనుషుల మధ్య బీపీ తేడాల్లో సుమారు 30 నుంచి 50 శాతం వారసత్వమేనని కవలలు, కుటుంబాలపై అధ్యయనాల అంచనా. 2024లో వెలువడిన ఒక అధ్యయనం 10 లక్షలకు పైగా మంది డేటాలో 2,000కు పైగా జన్యు సంకేతాలను గుర్తించింది. ఒక్కోదాని ప్రభావం చాలా స్వల్పం. లిడిల్ సిండ్రోమ్ లాంటి అరుదైన జబ్బుల్లో మాత్రం ఒకే జన్యు లోపం వల్ల కిడ్నీలు ఉప్పును పట్టి ఉంచి బీపీని పెంచుతాయి.

ఆ లెక్కలు మనకు సరిపోతాయా?

పూర్తిగా కాదు. ఆ 10 లక్షల మందీ యూరప్ మూలాలవారు. మన దేశంలో జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 2020లో మొదలైంది. హైదరాబాద్ సీసీఎంబీ సహా 20 సంస్థలు సుమారు 10 వేల మంది జన్యుక్రమాన్ని నమోదు చేశాయి. 2025 జనవరిలో ఆ డేటా పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఇది ఆరంభమే.

అయితే తప్పించుకోలేమా?

తప్పించుకోవచ్చు. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015లో మూతపడింది. చెరకు, ఫ్యాక్టరీ పనుల నుంచి కుర్చీలో కూర్చునే ఉద్యోగాలకు మారిన కుటుంబాలున్నాయి. ఒక తరంలో పని, తిండి మారతాయి, జన్యువులు మారవు. పైగా ఒకే ఇంటివాళ్లు పంచుకునేది జన్యువులనే కాదు, తొక్కు జాడీని, ఉప్పు డబ్బాను కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక టీస్పూను.

ఏం చేయాలి?

- 30 దాటితే బస్తీ దవాఖాన, పల్లె దవాఖాన లేదా ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ చూపించుకోండి. పరీక్ష, మందులు ఉచితం.
- ఇంట్లో ఎవరికి, ఏ వయసులో బీపీ వచ్చిందో చెప్పండి. ప్రస్తుతానికి అంతకన్నా ఉపయోగపడే జన్యు సమాచారం లేదు.
- వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా ఆపైన ఉంటే డాక్టర్‌ను కలవండి. తగ్గిందని మాత్రలు మానేయొద్దు.
- 30 లోపే బీపీ వచ్చినా, మూడు రకాల మందులకూ లొంగకపోయినా కిడ్నీ, హార్మోన్ పరీక్షల గురించి అడగండి. జన్యు పరీక్ష అవసరమయ్యేది ఇలాంటి కొద్దిమందికే.