బోటు బ్యాటరీకీ ఒక మీటరు కావాలి

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి,

విశాఖ, కాకినాడ రేవుల నుంచి మరబోట్లు రోజుల తరబడి వేటకు వెళ్తాయి. జీపీఎస్, ఎకో సౌండర్, వీహెచ్‌ఎఫ్ రేడియో, రాత్రి దీపాలు అన్నిటికీ బ్యాటరీయే దిక్కు. అది నడిసంద్రంలో చేతులెత్తేస్తే సాయం కోసం పిలిచే రేడియో కూడా మూగబోతుంది.

వోల్టేజీ చూస్తే చాలదా? చాలదు. ఇంజను నడుస్తున్నంతసేపూ 12 వోల్టుల బ్యాటరీ 14 దాకా చూపిస్తుంది. అంతమాత్రాన నిండినట్టు కాదు. చార్జింగు, లోడు రెండూ ఆపి కొన్ని గంటలు ఆగితేనే అసలు సంగతి బయటపడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలో అప్పుడు 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే దాదాపు సగమైపోయినట్టు. వల నీళ్లలో ఉండగా అంతసేపు ఎవరు ఆగగలరు?

షంట్ ఉన్న మానిటర్ ఈ చిక్కు తీరుస్తుంది. షంట్ అంటే నెగటివ్ తీగ దారిలో బిగించే చిన్న లోహపు పట్టీ. బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటంతా దాని మీదుగానే నడుస్తుంది. ఆ లెక్క కట్టి మిగిలిన చార్జిని మానిటర్ శాతంలో చెబుతుంది. డెక్కు దీపం వేయగానే ఆంపియర్ల అంకె పెరగడం సరంగు కళ్లారా చూస్తాడు.

ఈ మానిటర్‌ను రాయితీ పరికరాల్లో చేర్చాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం వల్ల బోట్లు రేవులోనే ఉంటాయి కనుక బిగింపు అప్పుడే జరగాలి. శిక్షణ మాత్రం తప్పనిసరి: బ్యాటరీ పూర్తిగా నిండినప్పుడు అంకెను 100కి సరిచేయడం తెలియకపోతే మానిటర్ లెక్కా గాడి తప్పుతుంది.