కొండంత పనికి దినసరి కొలత

ఢిల్లీలో ఐఐటీని ఆనుకొని ఉన్న జియా సరాయ్ ఇరుకు సందులలో ఇంజనీరింగు పోటీ పరీక్షలకు చదివే యువకులు అనేకులు అద్దె గదులలో బస చేస్తారు. “పరీక్ష నెగ్గాలి” అనుట కోరిక. “ఈ రాత్రి ఈ అధ్యాయంలో పది లెక్కలు” అనుట పని. ఈ భేదాన్ని మన శాఖలు గ్రహించవలసి ఉన్నది.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఈ నడుమ వేలాది కూలీలు రాయి మీద రాయి పేర్చి ఆ మహాకట్టడాన్ని నిలబెట్టారు.

మన వృత్తులూ అట్టివే. పట్టాల మార్పిడి బ్లాకు దొరికిన కొద్ది గంటలలోనే ముక్కముక్కగా సాగుతుంది. సార్టింగులో ఒక సంచీ తరువాతనే మరొక సంచీ.

సంఘ కార్యంలో మాత్రం “సమస్యలన్నీ పరిష్కరించాలి” అని తీర్మానించి ఇళ్లకు పోతున్నాము. అట్టి తీర్మానానికి జవాబు చెప్పకుండా తప్పించుకొనుట అధికారికి సులభం. ఫలానా గేటుకీపరుకు ఫలానా వారం విశ్రాంతి దక్కలేదని, తేదీతో, నిబంధన సంఖ్యతో వ్రాసిన కాగితాన్ని త్రోసిపుచ్చుట కష్టం.

ఒక్క హెచ్చరిక. దశలవారీ ప్రగతి పేరిట పదిమంది పనిని ఆరుగురి నెత్తిన రుద్దితే అంగీకరించరాదు. ఖాళీల భర్తీ కూడా మన కొలతలో భాగమే.

మిత్రులారా! ఈ నెల ప్రతి శాఖా ఒక్క సమస్యను చేపట్టాలి. బాధ్యుని పేరు, గడువు మినిట్సు పుస్తకంలో వ్రాయాలి. వచ్చే సమావేశం ఆ పుట చదువుటతోనే ఆరంభం కావాలి.