ఏ ఊరు మీది?

ఏ రాష్ట్రంవాళ్లు మంచోళ్లు అన్న చర్చ సరిహద్దు ఊళ్ల బస్టాండ్లలో ఎప్పటికీ తెగదు. కన్నడిగులు మెతకవాళ్లట. తమిళులు భాష దగ్గర పట్టు విడవరట. మరాఠీవాళ్లు ఏదైనా మొహం మీదే అనేస్తారట. ఒడియావాళ్లు నెమ్మదస్తులట. ఇక గోదావరివాళ్లయితే మర్యాదతోనే మనిషిని ఉక్కిరిబిక్కిరి చేస్తారట. బళ్లారి, హోసూరు, బరంపురం, సిరొంచ, యానాం... ఎక్కడ అడిగినా తీర్పులు సిద్ధంగా ఉంటాయి. కొత్త మనిషిని ఎవరెలా చూస్తారన్నది ఇక్కడివాళ్లకి పొద్దుపోని ముచ్చట కాదు. పక్క ఊరికి పెళ్లికెళ్లినా, పనికెళ్లినా, ఆస్పత్రికెళ్లినా ఎక్కడో ఒకచోట వీళ్లే కొత్త మనుషులవుతారు.

ఈ తీర్పుల్లో సగం మాటతీరు చూసి ఇచ్చినవే. తెలంగాణ పల్లెలో ముక్కూమొహం తెలియనివాణ్ని కూడా 'నువ్వు' అంటారు, ఆ వెంటనే 'అన్నా' అంటారు. యానాం నుంచి వెళ్లినాయనకి ఆ మొదటి మాట చురుక్కుమంటుంది, రెండోది చెవికెక్కదు. యానాంలో మాట మాటకీ 'అండీ' తగిలిస్తారు. అది విన్న తెలంగాణ మనిషికి ఇదంతా పైపై వ్యవహారమేమో అనిపిస్తుంది. అనంతపురం, బళ్లారి వైపు 'ఏమప్పా' అంటే కొట్టడానికి వచ్చినట్టుంటుంది కానీ, వెనకాలే మజ్జిగ చెంబు వస్తుంది. ఉత్తర కర్ణాటకలో గొంతు ఎంత గట్టిగా ఉన్నా చివర్లో 'రీ' అని ఒక గౌరవం అంటుకునే ఉంటుంది. తమిళంలో 'సాప్టీంగళా', కన్నడంలో 'ఊట ఆయ్తా', మనదగ్గర 'తిన్నారా'... గడపలో అడుగుపెట్టినవాణ్ని అడిగే మాట ఒక్కటే. చప్పుడు వేరు.

అసలు తేడా ఎక్కడుందంటే, ఆ మాట ఎవరిని అడుగుతారు, ఎవరిని అడగరు అన్నదాంట్లో ఉంది. పల్లెలో కొత్త మనిషి కనిపిస్తే 'ఏ ఊరు మీది' అంటారు. తర్వాత 'ఎవరింటికి', 'ఎవరి తాలూకు'. ఇది ఆదరణా అవును, ఆరా తీయడమూ అవును. మూడో ప్రశ్నకి వచ్చే జవాబుని బట్టి మంచం వాల్చాలా, అరుగు మీదే కూర్చోబెట్టాలా అన్నది తేలుతుంది. అతిథి మర్యాదలకి పేరుపడ్డ జిల్లాల్లోనే టీ బడ్డీల్లో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. పక్క ఊరి దళితుడికి దక్కని ఇత్తడి గ్లాసు నూరు మైళ్ల నుంచి వచ్చిన ఆసామికి దక్కింది. ఇలాంటి చోట మావాళ్లు మంచివాళ్లన్న గొప్ప ఎవరు చెప్పినా సగమే నమ్మాలి. పట్నంలో ఆ ఆరా కూడా ఉండదని సంబరపడతారు గానీ, ఇల్లు అద్దెకి అడిగి చూడండి. మొదటి ప్రశ్న ఏదో అందరికీ తెలుసు.

ఆదరణ ఎంత తొందరగా తిరగబడుతుందో 2018లో రెండు సరిహద్దు రాష్ట్రాలు చూశాయి. ఆ మే నెలలో తమిళనాడు తిరువణ్ణామలై జిల్లా పోలూరు దగ్గర, కులదేవత గుడికని బంధువులతో కారులో వచ్చిన అరవై అయిదేళ్ల పెద్దావిడ దారిలో కనిపించిన పిల్లలకి చాక్లెట్లు ఇచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారు అప్పటికే ఫోన్లలో తిరుగుతోంది. జనం ఆవిణ్ని కొట్టి చంపేశారు. జులై 13న బీదర్ జిల్లా ముర్కిలోనూ ఇదే కథ. హైదరాబాద్ నుంచి సరదాగా వచ్చిన కుర్రాళ్లలో ఒకరు బడి పిల్లలకి చాక్లెట్లు పంచారు. ఫోన్లో కబురు వాళ్ల కారు కంటే ముందు పరిగెత్తింది. దారికి అడ్డం పెట్టి పట్టుకున్నారు. ఒకరి ప్రాణం పోయింది, కాపాడబోయిన పోలీసులకీ దెబ్బలు తగిలాయి. బీదర్, హైదరాబాద్ 1956 దాకా ఒకే రాష్ట్రం. ఈ రెండు ఊళ్ల మధ్య చుట్టరికాలున్నాయి, సంతలున్నాయి, రోజూ బస్సులున్నాయి. అలాంటి చోట పిల్లల చేతిలో చాక్లెట్ పెట్టడం నేరమైపోయింది. ముర్కివాళ్లు పుట్టుకతో చెడ్డవాళ్లంటే అది అబద్ధం. ముందురోజు అదే కుర్రాళ్లు దారి తప్పి మంచినీళ్లడిగితే ఇచ్చి ఉండేవాళ్లే.

2020 ఏప్రిల్‌లో ఇంకో విడ్డూరం జరిగింది. కరోనా భయంతో వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు వైపు వచ్చే రెండు రోడ్లకి అడ్డంగా ఇటుకలతో గోడలే కట్టించేశారు. నలువైపులా గోల లేచాక కూల్చారు. అంతకుముందు నెల ఎన్నో పల్లెలు పొలిమేరల్లో కంప కొట్టి, తవ్వి, బయటివాళ్లనే కాదు, సొంత ఊరి పిల్లల్నీ ఆపేశాయి. మరి ఆ నెలల్లోనే జాతీయ రహదారుల మీద బీహార్‌కీ, ఒడిశాకీ కాలినడకన పోతున్న కూలీలకి పులిహోర పొట్లాలు, చెప్పులు ఇచ్చినవాళ్లు ఎవరు? చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కదా. దీన్ని ఏ ప్రాంతపు గుణం అనాలి?

కొత్తవాడి వల్ల నాలుగు డబ్బులొచ్చే చోట స్నేహానికి లోటుండదు. తిరుమలలో తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు బోర్డులు పక్కపక్కనే ఉంటాయి. కొండ దిగి సరిహద్దు దాటే పల్లెబస్సు ఎక్కబోతే చాలాచోట్ల బోర్డు ఒక్క భాషలోనే. చదువురాని ముసలమ్మ ఎవర్నో ఒకర్ని అడుక్కోవాలి. ఆ 'ఎవరో' విసుక్కుంటే ఆ రాష్ట్రమంతా ఆమె లెక్కలో చెడ్డదైపోతుంది. బోర్డు మీద రెండో భాష రాయించడానికి ఎంతవుతుంది? ఆ మాత్రం పెయింటు ఖర్చుకి ఏ ఆర్టీసీ దివాలా తీయదు.

తెలుగువాళ్లు ఈ విషయంలో ఫిర్యాదుదారులుగానే ఎక్కువ కనిపిస్తారు. 1936లో గంజాం, కోరాపుట్ ఒడిశాలో కలిసినప్పుడు, 1953లో బళ్లారి మైసూరుకి పోయినప్పుడు చాలామంది ఇల్లు కదలకుండానే బయటివాళ్లయిపోయారు. తాతల కాలం నుంచి ఉన్న ఊళ్లోనే 'మీదే ఊరు' అని అడిగించుకోవడంలోని నొప్పి వాళ్లకి తెలుసు. ముంబయిలో కామాఠీపురాకి ఆ పేరు తెలుగు నేల నుంచి పోయిన కూలీల వల్లే వచ్చింది. షోలాపూర్ మగ్గాలు, భివండీ మరమగ్గాలు పద్మశాలీల చెమటతో నడిచాయి. అక్కడ వాళ్లకి ఎదురైన మంచీ చెడూ ఇళ్లల్లో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. మరి బలాంగీర్, నువాపడా నుంచి మన ఇటుక బట్టీలకి వచ్చే ఒడియా కుటుంబాల్ని చూస్తున్న తీరు సంగతేమిటి? ఊరి చివర బట్టీ, బట్టీ పక్కన గుడిసె. ఆర్నెల్లున్నా ఊళ్లోవాళ్లకి వాళ్ల పేర్లు తెలియవు. బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో బడులు నడిపిన మంచి ప్రయత్నం లేకపోలేదు. ఏ పిల్లాడికైనా కొత్తచోట తన అక్షరం కనబడితే సగం బెరుకు పోతుంది. అలాంటివి ప్రతి సీజనుకీ ఉండాలి.

భయం రేగినప్పుడు ప్రభుత్వం ఏ భాషలో మాట్లాడుతుందన్నది మరీ ముఖ్యం. 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాలవాళ్ల మీద దాడులు జరుగుతాయన్న పుకారుకే బెంగళూరు నుంచి వేలమంది గౌహతి రైళ్లెక్కేశారు. ఎస్ఎంఎస్‌ల మీద పరిమితి పెట్టింది వాళ్లలో చాలామంది వెళ్లిపోయాకే. 2023 మార్చిలో తమిళనాడులో బీహారీల్ని చంపుతున్నారంటూ దొంగ వీడియోలు తిరిగాయి. ఈసారి అక్కడి పోలీసులు హిందీలోనే మాట్లాడారు, హెల్ప్‌లైన్లు పెట్టారు. బీహార్ అధికారుల బృందం వచ్చి స్వయంగా చూసి వెళ్లింది. హిందీ పేరెత్తితే మండిపడే రాష్ట్రమని పేరున్నచోట, వచ్చినవాడికి అర్థమయ్యే భాషలో ధైర్యం చెప్పారు. మెచ్చుకోవలసిన పని.

చట్టాలకి కొరత లేదు. మూకదాడుల్ని ఆపడానికి ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలని సుప్రీంకోర్టు 2018 జులై 17న, ముర్కి ఘటన జరిగిన నాలుగో రోజునే చెప్పింది. 2024 జులై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో పుట్టిన చోటునీ, భాషనీ కారణంగా చేసుకుని అయిదుగురు లేదా అంతకు మించి కలిసి చేసే హత్యకి ఉరి లేదా యావజ్జీవం దాకా శిక్ష రాశారు. అయితే నోడల్ అధికారి అధికారం జిల్లా గీత దగ్గరే ఆగిపోతుంది. పుకారుకి గీత లేదు. చిత్తూరు, వేలూరు, కృష్ణగిరి, కోలారు... గంజాం, శ్రీకాకుళం... బీదర్, సంగారెడ్డి... ఈ జిల్లాల అధికారులు ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర పెట్టుకుని, ఒక వైపు పుకారు పుట్టిన గంటలోపు రెండో వైపు రెండు భాషల్లో ఖండన వచ్చేలా చూడాలి. ఆ ఖండన పోలీసు స్టేషన్ గోడ మీద అంటించి ఊరుకోకుండా, పంచాయతీ మైకులో, బడిలో, సంతలో వినిపించాలి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వచ్చారన్న మాట మళ్లీ ఏ వేసవిలో లేస్తుందో చెప్పలేం కనక, ఈ ఏర్పాటు ఇప్పుడే జరగాలి.