దూరపు కోర్టులకు ఏ పట్టా?

గత నెల ఒకనాడు మగ్రిబ్ నమాజు తరువాత ఒక సోదరుడు కుమార్తెను వెంటబెట్టుకొని అత్తిలిలో మా ఇంటికి వచ్చారు. ఆయన దర్జీ. అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. క్లాట్ పరీక్ష వ్రాసి, రెండు రాష్ట్రాల అవతల ఉన్న ఒక జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుంది.

"హజ్రత్, హాస్టలుతో కలిపి ఏడాదికి మూడు లక్షలు దాటుతుందట. ఐదేళ్ళ చదువు. బ్యాంకు అప్పు ఇస్తానంటోంది. లాసెట్ వ్రాస్తే భీమవరంలోనో ఏలూరులోనో తక్కువలో అయిపోతుంది. కానీ ఆ పేరుంటేనే ఢిల్లీలో, ముంబైలో పని ఇస్తారని అందరూ అంటున్నారు. నిజమేనా?" అని ఆయన అడిగారు. గురువారంలోగా మొదటి విడత ఫీజు కట్టాలి. ఇంట్లో ఉన్న కొద్దిపాటి బంగారం అందుకోసం తీసి పెట్టారు.

ఇటువంటి ప్రశ్న మాకు కొత్తది కాదు. దేవ్‌బంద్ సనదు మేలా, హైదరాబాదు జామియా నిజామియా సనదు మేలా అని మా విద్యార్థులు ప్రతి సంవత్సరం అడుగుతూనే ఉంటారు. ఎక్కడ, ఎవరి మధ్య పని చేయదలచావని మేము తిరిగి అడుగుతాము. అది తేలనిదే సనదు మాట తేలదు. ఆ అమ్మాయినీ అదే అడిగాము. "సుప్రీంకోర్టులో వాదించాలని ఉంది" అన్నది, తల వంచుకొని, కానీ స్పష్టంగానే.

పట్టాకూ కోర్టు గుమ్మానికీ మధ్యనున్న సంబంధం మన గోదావరి సీమకు బాగా తెలిసినదే. టంగుటూరి ప్రకాశం గారు రాజమండ్రిలో రెండవ తరగతి ప్లీడరుగా మంచి పేరు, రాబడి సంపాదించారు. అయినా ఆ తరగతి వారికి హైకోర్టులో వాదించే అర్హత లేదు. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరై వచ్చి, 1907 నుండి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు సాగించారు. ఆ కాలంలో గోడ కట్టినది సాక్షాత్తూ చట్టమే. చేతిలోని పట్టాను బట్టి కోర్టు.

ఆ గోడను 1961 నాటి న్యాయవాదుల చట్టం పడగొట్టింది. ఇప్పుడు వాదించే అర్హత ఉన్నది అడ్వకేట్లనే ఒకే తరగతికి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న ఏ కళాశాలలో చదివినా, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదై, అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణులైతే తణుకు కోర్టు మొదలు సుప్రీంకోర్టు వరకు ఎక్కడైనా వాదించవచ్చును. సుప్రీంకోర్టులో స్వయంగా కేసు దాఖలు చేయాలంటే మాత్రం నాలుగేళ్ళ ప్రాక్టీసు, ఆపై ఏడాది శిక్షణ, తరువాత అడ్వకేట్ ఆన్ రికార్డ్ పరీక్ష ఉంటాయి. అక్కడా కళాశాల పేరుకు మార్కులు లేవు. నమోదు రుసుము కూడా చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి వసూలు చేయరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

జస్టిస్ ఫాతిమా బీవీ గారి సంగతి ఆ అమ్మాయికి చెప్పాము. ఆమె కేరళలోని తిరువనంతపురం ప్రభుత్వ న్యాయ కళాశాలలో చదివారు. 1950లో నమోదై కొల్లం క్రింది కోర్టుల్లో ప్రాక్టీసు ప్రారంభించారు. 1958లో మున్సిఫ్ అయ్యారు. మెట్టు మెట్టుగా ఎదిగి 1989లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆ పీఠం మీద కూర్చున్న తొలి మహిళ ఆమెయే. తండ్రి ఈ మాట విని చాలాసేపు మౌనంగా ఉన్నారు.

అయితే ఇక్కడితో ఆపితే మేము సగం నిజమే చెప్పినవారమవుతాము. చట్టం గోడ తీసివేసిన చోట విపణి తన గోడ తాను కట్టుకున్నది. ముంబై, ఢిల్లీ, బెంగళూరులలోని పెద్ద కార్పొరేట్ న్యాయ సంస్థలు కొత్తవారిని తీసుకోవడానికి బెంగళూరు నేషనల్ లా స్కూల్, హైదరాబాదు నల్సార్ వంటి కొన్ని ప్రాంగణాలకు స్వయంగా వెళతాయి. భీమవరానికి రావు. అటువంటి ఉద్యోగమే కోరుకునే బిడ్డకు ఆ పేరు నిజంగానే తలుపు తెరుస్తుంది. దానిని కాదనడం అన్యాయం. కానీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు ఇప్పుడు ఇరవైకి పైగా ఉన్నాయి. బోర్డు మీద 'జాతీయ' అని ఉన్నంతలో అన్నీ నల్సార్ కావు. క్రిందటేడు బయటికి వచ్చినవారిలో ఎందరికి, ఎక్కడ, ఏ పని దొరికిందో, దొరకనివారు ఏమయ్యారో అడిగి తెలుసుకోకుండా పేరుకు లక్షలు కట్టడం తొందరపాటు.

ఈ అమ్మాయి కోరుతున్నది కార్పొరేట్ కొలువు కాదు, కోర్టు. ఆ దారిలో కళాశాల పేరు కంటే ఢిల్లీలో మొదటి మూడు నాలుగేళ్ళ ఇంటి అద్దె పెద్ద అడ్డంకి. జూనియర్లకు పట్టణాలలో నెలకు కనీసం 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాలలో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో సూచించింది. అది సూచన మాత్రమే. ఆనాటి కోసం దాచవలసిన సొమ్మును ఫీజుకే ఖర్చు చేస్తే, పట్టా చేతికి వచ్చేనాటికి ఢిల్లీ రైలెక్కే శక్తి మిగలదు.

భాష కూడా చూడాలి. హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో ఇంగ్లీషుతో సరిపోతుంది. క్రింది కోర్టుల్లో సాక్షిని అక్కడి భాషలోనే ప్రశ్నించాలి. గల్ఫ్ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. ఎమిరేట్స్ కోర్టుల్లో ఎక్కువగా అరబీయే నడుస్తుంది. నిలబడి వాదించేది ప్రధానంగా ఆ దేశస్థులే. మనవారికి దొరికేది సలహాదారు పని. అక్కడ న్యాయశాస్త్రంతోపాటు అరబీ చదవగలిగినవారికి విలువ ఉంటుంది. (మా మదరసాలో నేర్చిన అరబీని పనికిరానిదిగా చూసే తల్లిదండ్రులు ఈ మాట కాస్త గుర్తుంచుకోవాలని మా కోరిక.)

ఇక బ్యాంకు అప్పు. వడ్డీ నిషిద్ధమన్నది ముస్లిం ఇంట మళ్ళీ చెప్పవలసిన విషయం కాదు. తక్కువ ఖర్చుతో అదే అర్హత నిచ్చే దారి ఎదురుగా ఉండగా, కేవలం పేరు కోసం వడ్డీ అప్పును 'అవసరం' అనడానికి మా మనస్సు ఒప్పుకోలేదు. ఆ మాట సూటిగానే చెప్పాము. బంధువులు ఖర్జె హసనా ఇవ్వగలిగితే అది వేరు.

అప్పుడు అమ్మాయి తలెత్తి, "ఇక్కడ చదివితే ఇక్కడే ఆపేస్తారు, హజ్రత్. పెళ్ళి చేసేస్తారు. దూరం వెళితేనే చదువు పూర్తవుతుంది" అన్నది. మేము ఫీజు లెక్కలు, కోర్టు లెక్కలు అన్నీ చూశాము. ఈ లెక్క మాకు తట్టలేదు. తండ్రి వైపు చూశాము. ఆయన, "ఐదేళ్ళూ చదివిస్తాను. ఆ తరువాత ఢిల్లీ పంపుతాను" అన్నారు. మా ఎదుట కాదు, ఇంటికి వెళ్ళి తల్లి ఎదుట ఆ మాట ఇవ్వమన్నాము.

బుధవారం రాత్రి ఆయన ఫోను చేశారు. ఫీజు కట్టలేదట. లాసెట్‌కు దరఖాస్తు చేశారట. బంగారం అమ్మాయి పేరున అలాగే ఉంచారట, ఢిల్లీ అద్దె కోసం.